కరోనా కాలపు ఆన్‌లైన్ చదువు: నల్లగొండ, పాలమూరు డిగ్రీ, పీజీ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండ జిల్లాలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్తాను. అంతకుముందు కొన్నేళ్ళు పాలమూరు వైపు పనిచేశాను. కరోనా రోజుల్లో ఫోన్లో పాఠాలు చెప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ చదువును మన పిల్లలు మనసారా ఒప్పుకున్నారా, గతిలేక భరించారా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. తల్లిదండ్రులు ఒక తీరుగా అడుగుతారు, ఆ రెండేళ్ళలో డిగ్రీ చేసినవాళ్ళు ఇంకో తీరుగా. ఇదే అంశం మీద ప్రాజెక్టు పెట్టుకున్న పీజీ, బీఈడీ విద్యార్థులైతే వారానికి ఒక్కరైనా ఫోన్ చేస్తారు. అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి ఒక్కచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి. దేనికది చదివినా అర్థమవుతుంది.

## కాలేజీలు మూసిన రోజులు

కాలేజీలు ఎప్పుడు మూసిన్రు, ఎప్పుడు తెరిచిన్రు సార్? తేదీలు ఒక్కతాన చెప్పండి.

విద్యాసంస్థలు మూస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం 2020 మార్చి 14న ప్రకటించింది. మొదట మార్చి 31 దాకానే అన్నారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ వచ్చాయి. మళ్ళీ కాలేజీ గేటు తెరుచుకున్నది 2021 ఫిబ్రవరి 1న. రెండు నెలలు గడవకముందే, మార్చి 24న, తిరిగి మూశారు. మే 12 నుంచి జూన్ మూడో వారం దాకా రాష్ట్రంలో రెండో లాక్‌డౌన్ నడిచింది. 2021 సెప్టెంబరు 1న ప్రత్యక్ష తరగతులు మొదలయ్యాయి. ఒమిక్రాన్ వచ్చినప్పుడు 2022 జనవరి 8 నుంచి సెలవులిచ్చి, ఫిబ్రవరి 1న తెరిచారు. ప్రాజెక్టు రాసేవాళ్ళు 'కరోనా కాలం' అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. మూడుసార్లు మూశారు. మూడుసార్లూ పిల్లల మనసు ఒక్కతీరుగా లేదు.

ఆన్‌లైన్ క్లాసులు, దూరవిద్య ఒకటే కదా?

కాదు. దూరవిద్యలో పాఠం మొదటినుంచీ దూరాన ఉన్నవాడి కోసమే తయారవుతుంది. పుస్తకం తనంతట తానే చదువుకునేటట్టు రాస్తారు, ఆదివారం కాంటాక్ట్ క్లాసు పెడతారు, అధ్యయన కేంద్రం ఉంటుంది. మనకు ఇది కొత్త కూడా కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి మొదటి వైస్ చాన్సలర్‌గా ఉన్న ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి గారే 1985లో వచ్చిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ (ఇగ్నో) తొలి వైస్ చాన్సలర్.

2020లో మేం చేసింది వేరు. నల్లబల్ల మీద చెప్పే పాఠాన్నే ఉన్నఫళంగా ఫోన్లోకి మార్చాం. విద్యా పరిశోధకులు దానికి 'అత్యవసర దూరబోధన' అని వేరే పేరు పెట్టింది ఇందుకే. ఆ రెండేళ్ళ అనుభవాన్ని చూసి దూరవిద్యే పనికిరాదని తీర్పు చెప్తే, నలభై ఏళ్ళుగా ఉద్యోగం చేసుకుంటూ, వ్యవసాయం చేసుకుంటూ అట్లాగే డిగ్రీ తెచ్చుకున్న వాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది.

అప్పటికే అందరి ఇళ్ళల్లో ఫోన్లు ఉండె. మరి ఇబ్బంది యాడ వచ్చింది?

ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, ఉదయం పది గంటలకు ఆ ఫోన్ పిల్లవాడి చేతిలో ఉండటం వేరు. చాలా ఇళ్ళల్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ నాన్నతో పాటు బాయి కాడికో, ఆటో మీదనో పోయేది. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేది. నేను పదింటికి చెప్పిన పాఠానికి ఆ పిల్లవాడి ప్రశ్న రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వచ్చేది.

దేశం లెక్క చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో చేసిన 75వ విడత సర్వేలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంట్లో ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నవి 14.9 శాతం. పట్టణాల్లో అవి 23.4, 42 శాతం. మనవాళ్ళు డిగ్రీ చదివింది పూర్తిగా ఫోన్ మీద, ఆరంగుళాల తెర మీద. ఎకౌంట్స్ లెడ్జరు పట్టిక ఆ తెరలో కనబడాలంటే వేళ్ళతో పెద్దది చేసి, పక్కకు జరిపి జరిపి చూడాలి. డెబిట్ వైపు చూస్తుంటే క్రెడిట్ వైపు కనబడదు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. హాస్టళ్ళు ఖాళీ చేయమన్నప్పుడు పిల్లలు రెండు జతల బట్టలతో ఊరికి పోయారు. పదిహేను రోజుల్లో వస్తామనుకున్నారు. పుస్తకాలు, నోట్సులు హాస్టల్ పెట్టెల్లోనే నెలల తరబడి ఉండిపోయాయి.

డిగ్రీ అడ్మిషన్లు దోస్త్‌లో ఆన్‌లైన్‌లనే అయితయి కదా. ఆన్‌లైన్ అలవాటు లేదంటే ఎట్ల నమ్మాలి?

దోస్త్ 2016లో వచ్చింది నిజమే. కానీ మన పిల్లల్లో చాలామందికి దోస్త్ అంటే మీసేవలోనో, నెట్ సెంటర్లోనో ఆధార్ కార్డు, ఇంటర్ మెమో ఇచ్చి బల్ల అవతల నిలబడటం. టైపు చేసేది సెంటరాయన. ఫారం నింపించుకున్న అనుభవం రోజుకు నాలుగు గంటలు తెర చూసి చదువుకోవడానికి పనికిరాదు.

## క్లాసులు నడిచిన కాలం

రోజుకు ఒకటిన్నర జీబీ సరిపోయేది కాదా?

ఒక్కరికైతే, ఒకటి రెండు క్లాసులకైతే సరిపోయేది. వీడియో క్లాసు గంటకు, క్వాలిటీని బట్టి, అర జీబీ నుంచి జీబీ దాకా తింటుంది. అదే ఫోన్ మీద అన్న డిగ్రీ, చెల్లె ఇంటర్ చదువుతుంటే మధ్యాహ్నానికి బ్యాలెన్స్ అయిపోయేది. తర్వాత వచ్చే స్పీడులో బొమ్మ ఆగి ఆగి, మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం ఇది. మొదటి నెలంతా పట్టుబట్టి లైవ్‌లో చెప్పాను. జూమ్‌లో ఉచితంగా దొరికేది 40 నిమిషాలే కాబట్టి మధ్యలో కట్ అయితే మళ్ళీ లింకు పంపేవాణ్ణి. రెండో లింకుకు సగం మందే వచ్చేవాళ్ళు. తర్వాత పది నిమిషాల వాయిస్ మెసేజ్, దానితో పాటు రెండు పేజీల చేతిరాత నోట్సు ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. పది నిమిషాల వాయిస్ మెసేజ్ రెండు మూడు ఎంబీలు మించదు. సందేహాలు అడిగే పిల్లల సంఖ్య అప్పుడు పెరిగింది. పాఠం అదే, గొంతు అదే. దాన్ని అందుకోవడానికి పిల్లవాడు పెట్టాల్సిన ఖర్చు తగ్గింది, అంతే.

వీడియో బంద్, మైకు బంద్ పెట్టేటోళ్ళు వింటున్నట్టా, విననట్టా?

చెప్పలేం. తెలియనప్పుడు విననట్టే అని లెక్కగట్టడం తప్పు. నా క్లాసులో గద్వాల వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా మైకు తీయలేదు. పేరు పిలిస్తే చాట్‌లో 'యెస్ సార్' అని టైపు చేసేవాడు. ఒకరోజు నేను గట్టిగా అడిగితే తీశాడు. వెనక టకటకమని మగ్గం. ఇంట్లో ఒక్కటే గది, అందులో గుంట మగ్గం, దాని మీద వాళ్ళమ్మ చీర నేస్తోంది. వాడు మగ్గం పక్కన గోడకానుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రాసుకుంటున్నాడు. ఆ చప్పుడు అందరికీ వినబడితే నవ్వుతారేమోనని మూడు నెలలు మాట దాచుకున్నాడు. వాడు ఎంత శ్రద్ధగా విన్నాడో నాకు ఇంటర్నల్ పేపర్లు చూశాక అర్థమైంది. క్లాసులో ముందున్న నలుగురిలో వాడొకడు.

కెమెరా తీయమని ఒత్తిడి చేయడమంటే ఇల్లు చూపించమని అడగడమే. కొందరికి అది మామూలు విషయం, కొందరికి చెప్పుకోలేని సిగ్గు. విన్నారో లేదో తెలుసుకోవాలంటే పాఠం చివర ఒక చిన్న ప్రశ్న ఇచ్చి, రెండు వాక్యాల్లో జవాబు రాసి పంపమంటే చాలు.

ఆడపిల్లలకు కష్టం ఎక్కువైందా? మా అమ్మాయి చదువు ఫోన్ కాడనే ఆగింది.

ఎక్కువే అయింది. కాలేజీలో కూర్చున్న అమ్మాయికి ఆ ఐదు గంటలు ఎవరూ పని చెప్పరు. ఇంట్లో కూర్చుంటే క్లాసు మధ్యలో స్టవ్ మీద పాలు చూడాలి, చుట్టాలకు చాయ్ పెట్టాలి, పత్తి ఏరే రోజుల్లో చెల్కకు పోవాలి. ఒక్క ఫోనే ఉంటే అది తమ్ముడికి పోతుంది. అమ్మాయి చేతిలో ఫోన్ ఎక్కువసేపు ఉంటే 'ఎవరితో మాట్లాడుతున్నవ్' అన్న ప్రశ్న వేరే. 2020 మార్చిలో నా హాజరు పట్టీలో ఉన్న ఇద్దరు అమ్మాయిలు కాలేజీ తెరిచేసరికి అత్తగారిళ్ళలో ఉన్నారు. ఒకామె తర్వాత పరీక్ష ఫీజు కట్టి రాసింది. ఇంకొకామె ఫోన్ నంబరే మారిపోయింది.

రెండో వైపు కూడా ఉంది, అదీ చెప్పాలి. రోజూ ముప్పై కిలోమీటర్లు బస్సులో రావడానికి ఇంట్లో ఒప్పుకోని కొందరు అమ్మాయిలు ఆ ఏడాదే మొదటిసారి అన్ని క్లాసులూ విన్నారు. కాలేజీ తెరుస్తున్నారంటే వాళ్ళకు సంతోషంతో పాటు దిగులు కూడా కలిగింది.

సిగ్నల్ లేని ఊళ్ళ పిల్లలు ఏం చేసిన్రు?

సిగ్నల్ ఉన్న చోటికి నడిచారు. నల్లమలలో అమ్రాబాద్, పదర వైపు చెంచుల పెంటల్లో (గూడేల్లో), ఇటు చందంపేట, నేరేడుగొమ్ము తండాల్లో గుట్ట ఎక్కితేనో, రోడ్డు దాకా వస్తేనో టవర్ అందేది. ఒక తండా పిల్లలు నలుగురు కలిసి వంతు పెట్టుకున్నారు. రోజుకొకరు సైకిల్ మీద రోడ్డు దాకా వచ్చి వాయిస్ మెసేజ్‌లు, నోట్సులు డౌన్‌లోడ్ చేసుకుని పోయి, మిగతా ముగ్గురికి బ్లూటూత్‌లో పంపేవాళ్ళు. నాకు ఇది వాళ్ళు చెప్పలేదు, కాలేజీ తెరిచాక మాటల్లో బయటపడింది. హాజరు పట్టీలో ఆ నలుగురిలో రోజూ ఒక్కడే 'ప్రెజెంట్', ముగ్గురు 'ఆబ్సెంట్'. నిజానికి నలుగురూ చదివారు.

టీశాట్ ఉండె కదా, అది చూస్తే సరిపోకపోయెనా?

టీశాట్ విద్య, నిపుణ, దూరదర్శన్ యాదగిరి చానెళ్ళు 2020 సెప్టెంబరు 1 నుంచి ముఖ్యంగా బడి పిల్లల పాఠాలకు వాడారు. పోటీ పరీక్షల వాళ్ళకు నిపుణ బాగా ఉపయోగపడింది. డిగ్రీలో ఒక్కో యూనివర్సిటీకి సిలబస్ వేరు, సెమిస్టర్ వేరు కాబట్టి టీవీ పాఠం అందరికీ కుదరలేదు. స్వయంప్రభ పేరుతో కేంద్రం నడిపే 32 డీటీహెచ్ చానెళ్ళు కూడా ఉండేవి. మన పిల్లల్లో వాటి పేరు తెలిసినవాళ్ళే తక్కువ. తెలిసినా ఆ పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనో, హిందీలోనో ఉండేవి.

తెలుగు మీడియంల చదివి ఇంగ్లీషు మీడియం డిగ్రీలో చేరినోళ్ళకు ఫోన్ క్లాసు ఇంకా కష్టం కదా?

లైవ్ క్లాసు కష్టమే. ఎదురుగా ఉంటే పిల్లల కళ్ళు చూసి అర్థం కాలేదని తెలుసుకుని తెలుగులో మళ్ళీ చెప్తాం. తెర మీద ఆ కళ్ళు కనబడవు. రికార్డు చేసిన పాఠం సంగతి వేరు. ఆపి ఆపి, వెనక్కి పోయి, నాలుగుసార్లు వినొచ్చు. తరగతిలో చెయ్యెత్తి 'మళ్ళీ చెప్పండి' అనడానికి జంకే పిల్లలకు ఇది పెద్ద మేలు. నా విద్యార్థిని ఒకామె ఇంగ్లీషు రికార్డింగు వింటూ పక్కన తెలుగు అకాడమీ పుస్తకం తెరిచి పెట్టుకుని, అక్కడి మాటకు ఇక్కడి మాట కలుపుకుని సొంత నోట్సు తయారు చేసుకుంది. ఆ నోట్సు జిరాక్సులు తర్వాత బ్యాచ్‌కు కూడా పనికొచ్చాయి.

బీఎస్సీ వాళ్ళ ప్రాక్టికల్స్ ఎట్ల?

అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది వాళ్ళే. ఐఐటీ ఢిల్లీ సమన్వయంతో నడిచే వర్చువల్ ల్యాబ్స్‌లో ప్రయోగం తీరు చూడొచ్చు. కానీ బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా వదులుతూ రంగు మారిన చోట చెయ్యి ఆపడం చూస్తే రాదు. కాలేజీ తెరిచాక రెండు నెలల్లో హడావుడిగా ప్రాక్టికల్స్ పూర్తి చేశారు. పిపెట్ పట్టుకోవడం రాని ఫైనలియర్ విద్యార్థులను చూసి మా కెమిస్ట్రీ మేడం కంటతడి పెట్టింది.

## పరీక్షలు

పరీక్షలు లేకుంట పాస్ చేసిన్రని అంటరు. మా డిగ్రీకి విలువ ఉంటదా సార్?

ఫైనలియర్ వాళ్ళను పరీక్షలు లేకుండా పాస్ చేయలేదు. 2020 జులై 6న యూజీసీ సవరించిన మార్గదర్శకాలు ఇచ్చింది. ఆఖరి సంవత్సరం పరీక్షలు ఆ సెప్టెంబరు చివరికల్లా పెట్టాలనీ, ప్రత్యక్షంగానో, ఆన్‌లైన్‌లోనో, రెండూ కలిపో పెట్టొచ్చనీ చెప్పింది. దాని మీద కేసులు పడితే, పరీక్ష లేకుండా ఆఖరి సంవత్సరం వాళ్ళకు పట్టా ఇవ్వడానికి లేదని, గడువు కావాలంటే రాష్ట్రాలు యూజీసీని అడగొచ్చని సుప్రీంకోర్టు ఆగస్టు 28న తీర్పు చెప్పింది. మధ్య సెమిస్టర్ల వాళ్ళకు మాత్రం, పరిస్థితి బాగాలేని చోట ఇంటర్నల్స్‌కు సగం, ముందు సెమిస్టరుకు సగం విలువ కట్టి మార్కులు ఇవ్వొచ్చని ఏప్రిల్ 29 నాటి మార్గదర్శకాల్లో ఉంది.

కాబట్టి ఇంటర్వ్యూలో ఎవరైనా 'కరోనా బ్యాచా' అంటే తల దించుకోకండి. మాస్కు పెట్టుకుని, బెంచీకొకరు కూర్చుని, బస్సులు సరిగ్గా లేని రోజుల్లో సెంటరుకు చేరి రాసిన పరీక్ష అది.

ఆన్‌లైన్ పరీక్ష అంటే చూసి రాసుడే కదా?

'నిర్వచించండి', 'లక్షణాలు రాయండి' లాంటి ప్రశ్నలు ఇస్తే చూసే రాస్తారు. తప్పు ప్రశ్నపత్రంలో ఉంది. 'మీ ఊళ్ళో ఈ సీజన్‌లో పత్తి ధర ఎందుకు మారింది, డిమాండ్ సూత్రంతో వివరించండి' అని ఇచ్చి చూడండి. పుస్తకం తెరిచి పెట్టుకున్నా సొంతంగా ఆలోచించక తప్పదు.

## కాలేజీ తెరిచాక

మళ్ళీ క్లాసులు మొదలైనంక పిల్లలు ఆన్‌లైన్‌ను వదిలేసిన్రా?

లైవ్ క్లాసును వదిలేశారు. మళ్ళీ పెట్టమని నన్ను ఒక్కరూ అడగలేదు. ఉంచుకున్నవి వేరే: సబ్జెక్టు వాట్సాప్ గ్రూపు, పరీక్షల ముందు రికార్డింగులు వినడం, అసైన్‌మెంట్ ఫొటో తీసి పంపడం, అర్థం కాని టాపిక్‌ను యూట్యూబ్‌లో తెలుగులో వెతుక్కోవడం. ఎవరూ చెప్పకుండానే ఇవి మిగిలాయి. ఊళ్ళో పండగకో, పొలం పనికో ఆగిపోయిన పిల్లవాడు సాయంత్రం 'సార్, ఈరోజు పాఠం వాయిస్ పెట్టండి' అని అడుగుతున్నాడు. 2020కి ముందు ఆ అడగడం లేదు. పిల్లలు నిజంగా ఒప్పుకున్నది ఏదని మీరు నన్ను అడిగితే, బలవంతం పోయిన తర్వాత కూడా వాళ్ళ చేతిలో మిగిలిన వీటినే చూపిస్తాను.

యూజీసీ 40 శాతం ఆన్‌లైన్ అన్నది కదా, అంటే మళ్ళీ ఇంట్లోనే చదువా?

2021 మేలో యూజీసీ మిశ్రమ బోధన మీద ఒక భావనాపత్రం విడుదల చేసి అభిప్రాయాలు అడిగింది. ఒక్కో కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చెప్పొచ్చని అందులో ఉంది. 'దాకా' అన్న మాట గమనించండి. అదే ఏడాది 'స్వయం' (కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) నిబంధనలు మార్చి, ఒక సెమిస్టరులో 40 శాతం వరకు క్రెడిట్లు స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకునే వీలు కల్పించింది. అంతకుముందు అది 20 శాతమే ఉండేది. ఈ రెంటినీ కలిపి చాలామంది గందరగోళపడుతున్నారు. స్వయం కోర్సు మీరు ఎంచుకునేది, మిశ్రమ బోధన కాలేజీ నిర్ణయించేది. నా అభిప్రాయం అడిగితే, సిగ్నల్ లేని తండా పిల్లవాడు ఒక్కడు క్లాసులో ఉన్నా ఆన్‌లైన్ భాగాన్ని లైవ్‌లో పెట్టకూడదు, దించుకుని పెట్టుకునేటట్టు ఇవ్వాలి.

అప్పుడు మధ్యల బంద్ చేసినోళ్ళు మళ్ళీ చదువుకోవచ్చా?

చదువుకోవచ్చు. ముందు మీ కాలేజీ ఆఫీసుకు పోయి పాత హాల్‌టికెట్ నంబరుతో బ్యాక్‌లాగుల జాబితా తీసుకోండి. కోర్సు పూర్తి చేయడానికి యూనివర్సిటీ ఇచ్చే గరిష్ఠ గడువు లోపల ఉంటే ఫీజు కట్టి రాయొచ్చు. గడువు దాటితే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరండి, నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో అధ్యయన కేంద్రాలు ఉన్నాయి. ఆ రోజుల దిగులు ఇంకా వదలకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

## ప్రాజెక్టు రాసేవాళ్ళకు

క్లాసుకు హాజరైన్రంటే ఆన్‌లైన్‌ను ఒప్పుకున్నట్టే కదా సార్? 'అంగీకారం' అని వేరే కొలిచేది ఏముంది?

నా దగ్గరికి వచ్చే ప్రాజెక్టుల్లో సగం ఇక్కడే దారి తప్పుతున్నాయి. 2020 జులైలో పిల్లవాడి ముందు రెండే దారులున్నాయి, ఫోన్లో క్లాసు వినడం లేదా అసలు వినకపోవడం. ఎంచుకునే వీలు లేని చోట వాడకాన్ని అంగీకారం అనలేం. బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్ళు తెప్పించుకున్న రైతును చూసి 'ట్యాంకరు వ్యవసాయాన్ని రైతులు ఆదరిస్తున్నారు' అని రాస్తామా?

అందుకే మీ ప్రశ్నాపత్రంలో మూడింటిని విడివిడిగా అడగండి: అప్పుడు వాడారా, వాడినప్పుడు ఎట్లా అనిపించింది, కాలేజీ తెరిచాక సొంత ఇష్టంతో ఏం కొనసాగించారు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అంగీకారానికి దగ్గరగా ఉంటుంది.

టామ్ మోడల్ అంటే ఏంది? పుస్తకం చదివితే తలకెక్కలేదు.

ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పరిశోధకుడు 1989లో ప్రచురించిన సాంకేతిక అంగీకార నమూనా అది. ఒక కొత్త సాంకేతికతను మనిషి చేపట్టడం రెండు నమ్మకాల మీద ఆధారపడుతుందంటాడు: ఇది నాకు పనికొస్తుంది, ఇది నాకు కష్టం లేకుండా వాడొస్తుంది. బత్తాయి తోటకు డ్రిప్ వేయించుకోవాలా వద్దా అని ఆలోచించే మన రైతును గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు మిగులుతాయా అన్నది మొదటి లెక్క. పైపుల్లో ఉప్పు పేరుకుంటే నేనే శుభ్రం చేసుకోగలనా అన్నది రెండోది. రెండో నమ్మకం మొదటిదాన్ని కూడా పెంచుతుంది, వాడటం సులువైతే లాభమూ ఎక్కువ కనబడుతుంది. ఆ రెంటి నుంచి వాడాలన్న ఉద్దేశం, ఉద్దేశం నుంచి వాడకం వస్తాయి. ఆన్‌లైన్ చదువు కోసం 2016లో అబ్దుల్లా, వార్డ్ అనే ఇద్దరు దీన్ని విస్తరించారు. తనమీద తనకున్న నమ్మకం, చుట్టూ ఉన్నవాళ్ళ ప్రభావం, ఆనందం, కంప్యూటర్ అంటే భయం, పూర్వానుభవం అందులో చేరాయి.

టామ్ చాలా, యూటాట్ తీసుకోవాలా?

మన ప్రాంతం మీద రాస్తుంటే యూటాట్ తీసుకోమంటాను. టామ్‌నూ, అలాంటి ఇతర నమూనాలనూ కలిపి 2003లో వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు చేసిన నమూనా (UTAUT) అది. అందులో 'అనుకూల పరిస్థితులు' అనే అంశం ఉంది, అంటే ఫోన్, సిగ్నల్, రీఛార్జ్, సాయం చేసే మనిషి. మన పిల్లల కథంతా అక్కడే ఉంది. వాడకం స్వచ్ఛందమా, తప్పనిసరా అన్నదాన్ని కూడా ఆ నమూనా లెక్కలోకి తీసుకుంటుంది. మహమ్మారి కాలానికి అది చాలా ముఖ్యం.

గూగుల్ ఫారం గ్రూపుల పెడితే రెండు రోజుల్లో 200 మంది నింపిన్రు. చాలదా?

చాలదు. నెట్ లేక క్లాసు వినలేనివాడు మీ ఫారం కూడా నింపలేడు. నెట్ ఉన్నవాళ్ళనే అడిగి 'ఎక్కువమంది సంతృప్తిగా ఉన్నారు' అని తేల్చడం, బస్సెక్కినవాళ్ళను అడిగి ఊరందరికీ బస్సు దొరికిందని చెప్పినట్టే. కాలేజీ హాజరు రిజిస్టరు తీసుకుని అందులోంచి పేర్లు ఎంచండి. ఫోన్‌కు దొరకనివాళ్ళ దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళండి. దేవరకొండ, అచ్చంపేట మండలాల్లో రెండు రోజులు తిరిగితే మీ ప్రాజెక్టు రూపమే మారిపోతుంది.

ఎంతమందిని అడగాలి?

చాలామంది గైడ్లు యమానే సూత్రం ఒప్పుకుంటారు. మొత్తం సంఖ్యను, ఒకటికి మొత్తం సంఖ్య గుణించు పొరపాటు వర్గం కలిపిన దానితో భాగించాలి. మీ పరిధిలో 5,000 మంది ఉండి 5 శాతం పొరపాటు అనుకుంటే 370 మంది వస్తారు. ప్రశ్నల పొందిక చూడటానికి క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటాలి. అంతకు తగ్గితే ముందు తెలుగు వాక్యాలను అనుమానించండి.

ప్రశ్నాపత్రం తెలుగులకు ఎట్ల మార్చాలి?

పదానికి పదం మార్చకండి. 'ఆన్‌లైన్ అభ్యసన వ్యవస్థను నేను ఉపయోగకరమైనదిగా గ్రహిస్తున్నాను' అని ఒక విద్యార్థి పత్రంలో చూశాను. దానికి అందరూ మూడో గడిలో టిక్కు పెట్టారు, అర్థం కాకపోతే మధ్య గడే దిక్కు. 'ఫోన్లో విన్న పాఠాన్ని పరీక్షలో రాయగలనన్న ధైర్యం వచ్చింది' అని మార్చి అడిగితే జవాబులు ఒకటి నుంచి ఐదు దాకా పరుచుకున్నాయి. 'జూమ్ సులువుగా ఉంది, ఉపయోగపడింది' అని రెండు సంగతులు ఒకే వాక్యంలో పెట్టకండి. సులువుగా ఉండి ఉపయోగపడనివాళ్ళు ఏ గడి ఎంచుకోవాలి? రాసిన పత్రాన్ని ముందు ఒక పదిమంది చేత గట్టిగా చదివించండి. వాళ్ళు తడబడిన వాక్యం దగ్గర పెన్సిల్ గీత పెట్టి, అది తిరగరాయండి.

టాపిక్ పాతబడలేదా? ఇప్పుడు ఎవరిని అడగాలి?

టాపిక్ పాతబడలేదు, అడగాల్సిన మనుషులు మారిపోయారు. ఇప్పుడు డిగ్రీ ఫస్టియర్‌లో ఉన్న పిల్లలు 2020లో బడి పిల్లలు. వాళ్ళను 'మీ యూనివర్సిటీ ఆన్‌లైన్ క్లాసులు ఎట్లా ఉండె' అని అడిగిన ప్రాజెక్టు ఒకటి నేనే వెనక్కి పంపాను. మీకు కావలసినవాళ్ళు ఇప్పుడు వేరే చోట్ల ఉన్నారు: బీఈడీ చేస్తున్నారు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు, గ్రూప్స్‌కు చదువుతున్నారు, పిల్లల్ని ఎత్తుకుని వ్యవసాయం చేసుకుంటున్నారు. పాత రిజిస్టర్లలో నంబర్లు ఉంటాయి, కాలేజీ అనుమతి తీసుకుని ఫోన్ చేయండి. జ్ఞాపకం మసకబారి ఉంటుంది కాబట్టి 'బాగుందా' అని అడగకండి. 'ఫోన్ ఎవరిది, ఎక్కడ కూర్చుని వినేవారు, రీఛార్జ్ ఎవరు వేయించేవారు' అని మొదలుపెట్టండి. చోటు గుర్తొస్తే మిగతాది దానంతటదే వస్తుంది. మొన్న ఒకామెను అట్లా అడిగితే ముందు 'ఏం గుర్తులేదు సార్' అన్నది. కాసేపాగి, 'నీళ్ళ ట్యాంకు మెట్ల మీద కూర్చునేదాన్ని, ఫోన్‌ను స్టీలు గ్లాసుల పెడితే మీ గొంతు పెద్దగ వినబడేది' అని గంటసేపు చెప్పింది.